కొత్త ల్యాప్‌టాప్‌తో మొదటి గంట

కొత్త ల్యాప్‌టాప్ డబ్బా విప్పగానే ఇంట్లో అందరికీ తొందరే. పిల్లవాడికి కాలేజీ అసైన్‌మెంటు ఉంటుంది. పెద్దవాళ్లకు అమెరికాలో ఉన్న కూతురితో వీడియో కాల్ ఉంటుంది. షాపులోనే ఆన్ చేయించుకుంటే వెనకాల ఇంకో నలుగురు నిలబడి ఉంటారు. తెర మీద మాత్రం ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. మీరెక్కడున్నారో యాప్‌లకు చెప్పవచ్చా? మీరు టైపు చేసే తీరును మాకు పంపవచ్చా? మీకు సరిపోయే ప్రకటనలు చూపించడానికి మీకో గుర్తింపు సంఖ్య పెట్టవచ్చా? చాలావాటికి జవాబు ముందే ‘అవును’ వైపు పెట్టి ఉంటుంది. కింద ఉన్న నీలం బటన్ నొక్కడమే మన పని. నొక్కుతాం. కాసేపట్లో డెస్క్‌టాప్ వచ్చేస్తుంది.

అప్పుడు ఇచ్చిన అనుమతులు, మనం మళ్లీ వెళ్లి మార్చకపోతే, ఆ ల్యాప్‌టాప్ ఉన్నన్నాళ్లూ అలాగే ఉంటాయి. కొనేటప్పుడు ధర దగ్గర గంటసేపు బేరమాడతాం. బ్యాగు, మౌసు ఉచితంగా ఇమ్మని పట్టుబడతాం. మన గురించి ఏది బయటికి వెళ్లాలో, ఏది వెళ్లకూడదో తేల్చుకోవాల్సిన చోట మాత్రం ఒక్క నిమిషం ఆగం. ఈ అధ్యాయంలో నేను మిమ్మల్ని అడిగేది ఇదే: కొత్త యంత్రానికి మొదటి గంట పూర్తిగా కేటాయించండి. ఆ గంట ఏ పనీ పెట్టుకోకండి. ప్రతి ప్రశ్నా చదవండి. వద్దనిపిస్తే వద్దనండి. మనుషుల దగ్గర మొహమాటపడి ‘సరే’ అనేవాళ్లం చాలామందిమి ఉన్నాం. కనీసం యంత్రం దగ్గరైనా ‘వద్దు’ అనడం అలవాటు చేసుకుందాం. అక్కడ నొచ్చుకునేవాళ్లెవరూ లేరు.

ఈ పరిస్థితి ఎలా వచ్చింది

విండోస్ 7 వరకు ఆపరేటింగ్ సిస్టమ్ అంటే డబ్బిచ్చి కొనుక్కునే సరుకు. కొన్నాక దానికీ మనకూ మధ్య తయారీదారు పెద్దగా కనిపించేవాడు కాదు. 2015 జులై 29న విండోస్ 10 వచ్చినప్పుడు ఆ సంబంధం మారిపోయింది. విండోస్ 7, 8.1 వాడేవాళ్లకు మొదటి ఏడాది దాన్ని ఉచితంగా ఇచ్చారు. కోట్లమంది మారారు. ఉచితంగా వచ్చిన ఆ సిస్టమ్ నిరంతరం కంపెనీతో మాట్లాడుతూ ఉండేది. యంత్రం ఎలా పనిచేస్తోందో, ఏ యాప్‌లు వాడుతున్నామో వెళ్లి చెప్పేది. వాటితోపాటు మనం అడగని క్యాండీ క్రష్ ఆట కూడా స్టార్ట్ మెనూలోకి వచ్చి కూర్చుంది.

ఫ్రాన్స్‌లో డేటా రక్షణను చూసే ప్రభుత్వ సంస్థ సీఎన్ఐఎల్ దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. అవసరానికి మించి సమాచారం సేకరిస్తున్నారని, వినియోగదారుడి సమ్మతి లేకుండానే ప్రకటనల గుర్తింపు సంఖ్యను ఆన్ చేసి పెడుతున్నారని 2016 జులైలో మైక్రోసాఫ్ట్‌కు నోటీసు ఇచ్చింది. నాలుగంకెల పిన్‌ను ఎన్నిసార్లయినా తప్పు కొట్టి ప్రయత్నించే వీలుందని కూడా వేలెత్తి చూపింది. మరుసటి ఏడాది కంపెనీ సెటప్ తెరలు మార్చింది. ‘బేసిక్’ అనే కనీస స్థాయిలో సేకరించే డేటాను దాదాపు సగానికి తగ్గించింది. దాంతో 2017 జూన్‌లో సీఎన్ఐఎల్ ఆ వ్యవహారాన్ని ముగించింది. అదే ఏడాది అక్టోబర్‌లో నెదర్లాండ్స్ డేటా సంస్థ కూడా విండోస్ 10 తమ చట్టాన్ని ఉల్లంఘిస్తోందని ప్రకటించింది.

ఈ కథ ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ‘పెద్ద కంపెనీ కదా, మనమేం చేయగలం’ అనే మాట నేను తరచూ వింటుంటాను. ఒక దేశపు సంస్థ గట్టిగా అడిగితే ఆ కనీస సేకరణ కూడా దాదాపు సగానికి తగ్గింది. అంటే ఆ మిగతా సగం లేకుండానే కంప్యూటర్ పనిచేయగలదన్నమాట. ఇవాళ మన సెటప్ తెర మీద కనిపిస్తున్న అవును, కాదు స్విచ్చుల వెనక ఇలా అడిగినవాళ్ల పట్టుదల కూడా ఉంది. వాళ్లు సాధించిన స్విచ్చును మనం చదవకుండా దాటేయడం నాకు బాధగా ఉంటుంది.

2021 అక్టోబర్ 5న విండోస్ 11 వచ్చింది. తర్వాతి మార్పులతో, ఇంటి వాడకానికి సెటప్ చేసేటప్పుడు ఇంటర్నెట్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా ముందుకెళ్లడం దాదాపు అసాధ్యమైంది. ఈ రెండు విండోస్‌లూ హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలో వచ్చినవే. ఆయన 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయ్యారు. హైదరాబాద్‌లో 1998 నుంచి ఆ కంపెనీ డెవలప్‌మెంట్ సెంటర్ ఉంది. మన ఇళ్లలో ఎవరో ఒకరు అక్కడ పనిచేస్తూనే ఉంటారు. మనవాళ్ల చేయి పడిన వస్తువనే అభిమానం ఉండాల్సిందే. ఆ అభిమానంతో మాత్రం అనుమతులివ్వకండి. అనుమతుల సంగతి విడిగా ఆలోచించి తేల్చుకోండి.

అకౌంట్ ఎవరిది?

మొదటి గంటలో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇది. లొకేషన్, ప్రకటనలు లాంటివి తర్వాత మార్చుకోవచ్చు. ఇక్కడ తప్పు జరిగితే దిద్దుకోవడం కష్టం.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొనండి, మీ ఊళ్లో బస్టాండు పక్క షాపులో కొనండి, సంభాషణ ఒకేలా ఉంటుంది. “అంకుల్, మీ మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ చెప్పండి.” “పాస్‌వర్డ్ గుర్తులేదు బాబూ.” “పర్లేదంకుల్, మన షాపు ఐడీతో పెట్టేస్తా, తర్వాత మార్చుకోండి.” ఆ కుర్రవాడిది చెడు ఉద్దేశం కాదు, పని త్వరగా ముగించాలనే. కానీ ఆ క్షణం నుంచి మీ ల్యాప్‌టాప్‌కు అసలు యజమాని, సిస్టమ్ లెక్కలో, ఆ షాపు.

దాని పర్యవసానం ఏమిటో చూడండి. విండోస్ 11తో వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనిదే చదవలేకుండా వేసే తాళం, ఉంటుంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా సెటప్ చేస్తే అది దానంతటదే ఆన్ అవుతోంది. ఇది మంచిదే. ల్యాప్‌టాప్ దొంగతనమైనా లోపలి ఫైళ్లు ఎవరూ చదవలేరు. అయితే బయాస్ అప్‌డేట్ అయినప్పుడో, మదర్‌బోర్డు మార్చినప్పుడో, ఒక్కోసారి నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడ దాచి ఉంటుందంటే, మొదట సైన్ ఇన్ అయిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో. షాపు ఐడీతో పెట్టించుకున్నవాళ్ల కీ షాపు అకౌంట్‌లో ఉంటుంది. రెండేళ్ల తర్వాత ఆ షాపే లేకపోతే? ఆ కుర్రవాడు మానేస్తే? పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, పీహెచ్‌డీ చాప్టర్లు అన్నీ డిస్కులోనే ఉంటాయి, తెరవడానికి మాత్రం దారి ఉండదు. కీ లేకుండా దాన్ని ఏ మెకానిక్కూ తెరవలేడు.

అందుకే ఇంటి దగ్గరే సెటప్ చేసుకోండి. అకౌంట్ మీ పేరు మీద, మీ ఫోన్ నంబరుతో, మీకు గుర్తుండే పాస్‌వర్డ్‌తో ఉండాలి. తల్లిదండ్రుల ల్యాప్‌టాప్‌కు డల్లాస్‌లో ఉన్న కొడుకు తన అకౌంట్ పెట్టడం కూడా సరికాదు. నాన్నగారిది నాన్నగారి పేరు మీదే ఉండాలి, పాస్‌వర్డ్ కొడుక్కి తెలిసి ఉంటే చాలు. డెస్క్‌టాప్ రాగానే బ్రౌజర్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైసెస్ విభాగంలో ఆ ల్యాప్‌టాప్ కింద ఉన్న రికవరీ కీ చూసి, 48 అంకెలూ నోటు పుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి. ఆ కీ కంపెనీ సర్వర్‌లో ఉండటం కొందరికి నచ్చదు. వాళ్ల అభ్యంతరంలో న్యాయం ఉంది. అయినా మామూలు కుటుంబానికి ఆ కీని ఎవరో చూస్తారన్న ప్రమాదం కంటే, అది దొరకక అన్నీ పోగొట్టుకునే ప్రమాదమే ఎక్కువ.

ఏది తప్పదు, ఏది మీ ఇష్టం

విండోస్ పంపే డయాగ్నొస్టిక్ డేటాలో రెండు రకాలున్నాయి. ‘రిక్వైర్డ్’ అనేది తప్పనిసరి. మీ యంత్రం మోడల్ ఏమిటి, సెట్టింగులేమిటి, అప్‌డేట్ సరిగా ఎక్కిందా లేదా లాంటివి. హోమ్, ప్రో వెర్షన్లలో దీన్ని ఆపే స్విచ్చు లేదు. ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ వెర్షన్లలో మాత్రం దీన్ని కూడా ఆపే వీలుంది. పెద్ద సంస్థకు ఇచ్చిన హక్కు ఇంట్లో వాడుకునే మనిషికి ఎందుకివ్వలేదన్నది నాకు మింగుడుపడని విషయం. ఆ సాంకేతికత లేక కాదు కదా.

‘ఆప్షనల్’ అనేది రెండో రకం. ఇది మన చేతిలో ఉంది. ఇందులో కంపెనీ బ్రౌజర్‌లో చూసిన వెబ్‌సైట్లు, యాప్‌లు వాడే తీరు, లోపాల మీద మరింత వివరమైన నివేదికలు ఉంటాయి. ఏదైనా ప్రోగ్రామ్ కూలిపోయినప్పుడు ఆ క్షణంలో మెమరీలో ఉన్నది కూడా వెళ్లవచ్చు; అందులో మీరు అప్పుడు తెరిచి ఉంచిన ఫైలులోని భాగాలు అనుకోకుండా ఉండవచ్చని మైక్రోసాఫ్టే తన వివరణలో చెబుతుంది. మీరు లాయరైతే అది క్లయింటు ఫైలు కావచ్చు. డాక్టరైతే రోగి రిపోర్టు. ఈ ఒక్క వాక్యం చదివినవాళ్లు ఆ స్విచ్చు ఆన్‌లో ఉంచరని నా నమ్మకం.

సెటప్‌లో దాటేసినా ఫర్వాలేదు. సెట్టింగ్స్ తెరిచి ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లండి. డయాగ్నొస్టిక్స్ అండ్ ఫీడ్‌బ్యాక్‌లో ఆప్షనల్ డేటా ఆపండి. అక్కడే ‘డిలీట్ డయాగ్నొస్టిక్ డేటా’ అనే బటన్ ఉంటుంది. ఇప్పటిదాకా ఈ యంత్రం నుంచి వెళ్లినదాన్ని తీసేయమని అడగవచ్చు. ‘టైలర్డ్ ఎక్స్‌పీరియన్సెస్’ అంటే ఆ డేటాను వాడి మీకు సలహాలు, ప్రకటనలు చూపడం. ఆపండి. అడ్వర్టైజింగ్ ఐడీ ఆపండి; దాన్ని ఆపినంత మాత్రాన ప్రకటనలు మాయం కావు, మీ అలవాట్లను బట్టి వచ్చేవి తగ్గుతాయి. మీరు రాసే, టైపు చేసే తీరును గమనించే ‘ఇంకింగ్ అండ్ టైపింగ్’ ఆపండి. లొకేషన్ మాత్రం ఆలోచించి నిర్ణయించుకోండి. ల్యాప్‌టాప్ పట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లకు ‘ఫైండ్ మై డివైస్’ పనికొస్తుంది, దానికి లొకేషన్ కావాలి. టేబుల్ మీంచి కదలని కంప్యూటర్‌కు దాని అవసరం ఉండదు.

మైక్రోసాఫ్ట్ క్లౌడ్ నిల్వ అయిన వన్‌డ్రైవ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. సెటప్ వెర్షన్‌ను బట్టి అడిగి కావచ్చు, అడగకుండా కావచ్చు, మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు క్లౌడ్‌లోకి వెళ్లడం మొదలవుతుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. ఒక పెళ్లి ఫొటోలకే అది చాలదు. నిండగానే డబ్బు కట్టి చోటు పెంచుకోమని సందేశాలు మొదలవుతాయి. మొబైల్ హాట్‌స్పాట్ మీద బతికేవాళ్లకు రోజువారీ డేటా ఇదే మింగేస్తుంది. అసలు చిక్కు ఏమిటంటే, క్లౌడ్‌లోది కేవలం నకలు అనుకుని అక్కడ తుడిచేస్తే, ల్యాప్‌టాప్‌లోదీ పోతుంది. రెండూ జతకట్టి ఉంటాయి. వద్దనుకుంటే వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో సింక్ అండ్ బ్యాకప్‌కి వెళ్లి, మేనేజ్ బ్యాకప్‌లో ఒక్కో ఫోల్డరునూ ఆపండి. ఆపాక ఫైళ్లు ఎక్కడున్నాయో చూసుకుని, మీ సొంత ఫోల్డర్లలోకి చేర్చి, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు మీదకు ఒక కాపీ తీసుకున్నాకే ఏదైనా తుడవండి. క్లౌడ్ చెడ్డదని నేననడం లేదు. ముఖ్యమైన పత్రాలకు రెండో చోట కాపీ ఉండటం చాలా మంచిది. అది మీకు తెలిసి, మీరు ఎంచుకున్న ఫోల్డరుకే జరగాలి, అంతే.

అడగని సరుకు, పెరిగిన బరువు

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ కనీస అవసరం 64 ఎంబీ ర్యామ్. విండోస్ 11కు 4 జీబీ. అంటే 64 రెట్లు. డిస్కులో చోటు 1.5 జీబీ నుంచి 64 జీబీకి పెరిగింది. ఇదంతా వ్యర్థమేమీ కాదు. వైరస్ ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానిలోకి దూకకుండా కట్టే గోడలకు, పెద్ద తెరలకు, తెలుగు సహా అన్ని లిపుల అక్షరాలు చక్కగా చూపించడానికి మెమరీ కావాలి. ఎక్స్‌పీ రోజుల్లో తెలుగు వెబ్‌సైట్ తెరిస్తే డబ్బాలు కనిపించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కానీ పెరిగిన బరువులో కొంత మన కోసం కాదు. వార్తలు చూపించే విడ్జెట్లు, తెరవకపోయినా వెనక సిద్ధంగా ఉండే బ్రౌజర్, మనం పిలవని కోపైలట్ అనే ఏఐ సహాయకుడు, 2024 ఏప్రిల్ అప్‌డేట్‌తో స్టార్ట్ మెనూలో ‘సిఫార్సుల’ పేరుతో మొదలైన యాప్ ప్రకటనలు, ఇవన్నీ డబ్బు పెట్టి కొన్న ల్యాప్‌టాప్‌లో మన ర్యామ్, మన కరెంటు, మన డేటా వాడుకుంటూ నడుస్తాయి. కొనుక్కున్న వస్తువులో ప్రకటనలు చూపడం తప్పు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

దీనికి తోడు ల్యాప్‌టాప్ తయారీ కంపెనీ తన వంతు సరుకు ఎక్కిస్తుంది. ముప్పై రోజుల యాంటీవైరస్ ట్రయల్, ఆటలు, వాళ్ల సొంత స్టోరు. ఇవి బరువు మాత్రమే అనుకుంటే పొరపాటు. 2014 చివర్లో అమ్మిన కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రోగ్రామ్ ముందే ఎక్కించి ఉండేది. వెబ్ పేజీల మధ్య తన ప్రకటనలు చొప్పించడం దాని పని. అందుకోసం అది తన సొంత సెక్యూరిటీ సర్టిఫికెట్‌ను సిస్టమ్‌లో పెట్టింది. దాంతో బ్యాంకు సైటు పక్కన తాళం గుర్తు కనిపించినా, మధ్యలో ఎవరైనా మన సమాచారం దొంగిలించగల పరిస్థితి వచ్చింది. 2015 ఫిబ్రవరిలో సంగతి బయటపడింది. కంపెనీ దాన్ని తీసేసింది. 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ పడింది. అందుకే, ముందే ఎక్కించి ఇచ్చిన ప్రోగ్రాముల్లో మీకు తెలియనిది ఏదీ ఉంచకండి.

సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా తెరిచి, పై నుంచి కిందిదాకా ఓపిగ్గా చూడండి. ట్రయల్ యాంటీవైరస్ తీసేస్తే విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ దానంతటదే పనిలోకి దిగుతుంది. ఇంటి వాడకానికి అది చాలు. ఆటలు, షాపింగ్ యాప్‌లు, వాడని మెసెంజర్లు తీసేయండి. సౌండ్, టచ్‌ప్యాడ్, గ్రాఫిక్స్ డ్రైవర్లవి అనిపించే పేర్లు మాత్రం ముట్టుకోవద్దు. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ యాప్స్ అనే భాగంలో, కంప్యూటర్ ఆన్ కాగానే లేచి కూర్చునేవి కనిపిస్తాయి. రోజూ వాడనివాటిని డిసేబుల్ చేయండి. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఈ రెండు పనులతోనే తేడా తెలుస్తుంది. స్టార్ట్ మెనూ ప్రకటనలకు పర్సనలైజేషన్‌లో, స్టార్ట్ కింద, ‘షో రెకమెండేషన్స్’ అనేది ఆపాలి. హాట్‌స్పాట్ వాడేవాళ్లు ఆ వైఫైని ‘మీటర్డ్ కనెక్షన్’గా, అంటే డేటా పరిమితి ఉన్న కనెక్షన్‌గా, పెట్టుకోండి. డెలివరీ ఆప్టిమైజేషన్‌లో ఇతర కంప్యూటర్లతో అప్‌డేట్లు పంచుకునే స్విచ్చు కూడా ఆపండి; లేకపోతే మీ డేటాతో వేరేవాళ్లకు అప్‌డేట్లు వెళ్లే అవకాశం ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఒక్క క్లిక్కుతో విండోస్‌ను తేలిక చేస్తామనే స్క్రిప్టులు చాలా దొరుకుతాయి. కొన్ని మంచివే కావచ్చు. కానీ అవి ఏం తీసేస్తాయో చదివి అర్థం చేసుకోగలిగినవాళ్లే వాడాలి. స్టోరు పనిచేయడం మానేసిన, అప్‌డేట్లు ఆగిపోయిన, ప్రింటర్ కనిపించని ల్యాప్‌టాప్‌లు వాటి వల్ల తయారవుతుంటాయి. అప్‌డేట్లు పూర్తిగా ఆపేయమని ఎవరైనా చెబితే వినకండి. గోప్యత పేరుతో భద్రతను వదులుకుంటే రెండూ పోతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం లైసెన్సు లేని విండోస్‌కు షాపుల్లో వేసే ‘యాక్టివేటర్’. దాన్ని నడపాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఎవరు రాశారో, లోపల ఏముందో తెలియని ప్రోగ్రామ్‌కు సిస్టమ్ మొత్తం అప్పగించి, తర్వాత కంపెనీ డేటా సేకరణ గురించి బాధపడటంలో అర్థం లేదు.

తెరను ఫొటోలు తీసే సదుపాయం

2024 మే 20న మైక్రోసాఫ్ట్ ‘రీకాల్’ ప్రకటించింది. కోపైలట్ ప్లస్ అని పిలిచే కొత్త తరగతి ల్యాప్‌టాప్‌లలో ఇది కొన్ని సెకన్లకోసారి మీ తెరను ఫొటో తీసి దాచిపెడుతుంది. ‘పోయిన వారం చూసిన ఆ నీలం చీర ఏ సైటులో ఉంది’ అని అడిగితే వెతికి చూపిస్తుంది. వినడానికి బాగుంది. కానీ విడుదలకు ముందే భద్రతా నిపుణులు పరీక్షించి, అది తెర మీద చదివిన అక్షరాలన్నీ సులువుగా చదవగలిగే డేటాబేస్‌లో పోగవుతున్నాయని చూపించారు. పెద్ద గొడవైంది. జూన్‌లో విడుదల వాయిదా పడింది. తర్వాత ఎన్‌క్రిప్షన్ పెట్టారు, ముఖమో వేలిముద్రో పిన్నో ఉంటేనే తెరుచుకునేలా చేశారు, మనం కోరి ఆన్ చేస్తేనే నడిచేలా మార్చారు. 2025 ఏప్రిల్ నుంచి అది అందుబాటులోకి వచ్చింది. అయినా మే నెలలో సిగ్నల్ అనే సందేశాల యాప్ తన విండోస్ వెర్షన్‌లో సందేశాలు ఫొటోలో పడకుండా అడ్డుగోడ పెట్టుకుంది.

ఎందుకో ఆలోచించండి. మీ స్నేహితురాలు తన కష్టం మీకు రాసింది. చదివాక మాయమయ్యేలా పెట్టి పంపింది. మీ ల్యాప్‌టాప్ ఆ తెరను ఫొటో తీసి దాచింది. ఆన్ చేయాలా వద్దా అన్నది మీరు నిర్ణయించుకున్నారు, సరే. ఆమెను ఎవరు అడిగారు? మన సెట్టింగులు మన ఒక్కరివే కావని నాకు బాగా అర్థమైంది ఈ ఉదంతంతోనే. కుటుంబమంతా ఒకే ల్యాప్‌టాప్, ఒకే పిన్ వాడుకునే మన ఇళ్లలో ఇది ఇంకా సున్నితమైన విషయం. ఇంజనీరింగ్ చదివే ఆడపిల్ల ఏం చూసిందో, ఏం రాసుకుందో, పిన్ తెలిసిన ఎవరైనా వెనక్కి తిప్పి చూడగలిగే పరిస్థితి రాకూడదు. ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ‘రీకాల్ అండ్ స్నాప్‌షాట్స్’ అనే పేరు మీ ల్యాప్‌టాప్‌లో ఉందేమో చూడండి. అన్ని మోడళ్లలో ఉండదు. ఉంటే, ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. ఇంట్లో ప్రతి ఒక్కరికీ విడి యూజర్, విడి పిన్ పెట్టండి. ఇందులో అనుమానించడానికేమీ లేదు. ఇంట్లో గౌరవమంటే ఇదీ ఒక భాగమే.

పాత యంత్రం ఉంటే

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది. అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకున్న ఇంటి వినియోగదారులకు 2026 అక్టోబర్ 13 వరకు గడువిచ్చారు. విండోస్ 11 మాత్రం టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం నుంచి వచ్చిన ప్రాసెసర్ అడుగుతుంది. బాగా పనిచేస్తున్న పాత ల్యాప్‌టాప్‌లు చాలా ఈ గీత దగ్గరే ఆగిపోయాయి.

వాటిని పారేయకండి. లైనక్స్ మింట్, ఉబుంటు లాంటివి ఉచితం. అకౌంట్ అడగవు, ప్రకటనలు చూపవు, వీటిలో తేలికైనవి 4 జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రం మీద కూడా చదువుకూ, మెయిల్‌కూ, బ్యాంకు పనులకూ సరిపోతాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి లైనక్స్ మీదే నడుస్తున్నాయి. మన దగ్గర హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది. దాని వెనక ఉన్నది జీతం లేకుండా పనిచేసిన విద్యార్థులు, ఇంజనీర్లు. అయితే ఇది అందరికీ కుదరదు. అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద నడిచే డీటీపీ కేంద్రానికీ, ట్యాలీ మీద లెక్కలు రాసే దుకాణానికీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌తో రిటర్నులు వేసే ఆడిటర్‌కూ మారడం తలనొప్పి తెచ్చిపెట్టవచ్చు. ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, మీ ప్రింటర్, మీ వైఫై, మీ పనులు కుదురుతున్నాయో లేదో చూసుకుని అప్పుడు మారండి.

చట్టం మీ వైపు ఎంతవరకు ఉంది

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి, ప్రత్యేకంగా, షరతు లేకుండా, స్పష్టమైన చర్యతో ఇచ్చినదై ఉండాలని ఆ చట్టం అంటుంది. నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. కంపెనీల ముఖ్య బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. ముందే ‘అవును’ వైపు తిప్పి పెట్టిన స్విచ్చును చూసి బటన్ నొక్కడం స్పష్టమైన సమ్మతి కాదని నా అభిప్రాయం. ఇది తేలాల్సింది కోర్టుల్లో, ఆ చట్టం ఏర్పాటుచేసే డేటా రక్షణ బోర్డు ముందు. అది తేలేలోపు మీ సెట్టింగ్స్‌ను మీ బదులు వచ్చి ఎవరూ మార్చరు.

ఈ ఆదివారం అమ్మానాన్నల ఇంటికి వెళ్తే వాళ్ల ల్యాప్‌టాప్ ఒకసారి తెరవండి. అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో చూడండి. ఆప్షనల్ డేటా ఆపండి, అడగని యాప్‌లు తీసేయండి. మీరు చేస్తున్నది వాళ్లకు చూపిస్తూ చేయండి, తర్వాతిసారి వాళ్లే చేసుకుంటారు. సమయం చాలకపోతే మిగతావి వదిలేసినా ఫర్వాలేదు. ఆ 48 అంకెలు మాత్రం రాసి ఇచ్చి రండి.